పాత రేడియో నాటికలు, హాస్యం, పాటలు: వినే పద్ధతి

మూడేళ్ల కిందట ఒక మిత్రుడు పెన్‌డ్రైవ్ నిండా పాత రేడియో కార్యక్రమాలు నింపి ఇచ్చాడు. అందులో ఆకాశవాణి నాటికలు, హరికథలు, లలిత గీతాలు, అమెరికా హాస్య కార్యక్రమాలు, బీబీసీ ధారావాహికలు అన్నీ కలిపి నాలుగు వందలకు పైగా ఫైళ్లున్నాయి. ఇక సాయంత్రాలన్నీ వీటితోనే గడుస్తాయని అనుకున్నాను గాని, ఆరు నెలలు దాటినా ఒక్క నాటికనైనా మొదటి నుంచి చివరి దాకా వినలేకపోయాను. ఐదు నిమిషాలు వినడం, ఫోన్ రాగానే ఆపడం, మళ్లీ మొదలుపెట్టేసరికి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మరిచిపోవడం, విసుగు పుట్టి ఇంకొక ఫైలు తెరవడం, ఇదే వరుసగా సాగింది.

ఆ వేసవిలో నల్లగొండలోని మా ఇంట్లో చింతపండు కొట్టే పని నడుస్తున్నది. మా అమ్మ, ఎదురింటి అక్క అరుగు మీద కూర్చొని గింజలు తీస్తుంటే, వాళ్లకు కాలక్షేపంగా ఉంటుందని ఒక నాటిక పెట్టాను. పది నిమిషాలైందో లేదో నాకు ఫోన్ వచ్చింది. నేను నాటికను ఆపగానే అమ్మ తలెత్తి, "రేడియో ఏడన్న ఆగుతదారా? నడువనియ్యి, నువ్వు అవతలికి పోయి మాట్లాడు" అన్నది. ఆ మాటతో నా తప్పు నాకు తెలిసింది. రేడియో కార్యక్రమం ఆగదని తెలిసిన మనుషుల కోసం రాసింది, ఆగదని తెలిసిన నటులు ఆడింది. దాన్ని మన ఇష్టం వచ్చిన చోట ఆపుతూ వింటే పట్టు తప్పుతుంది. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతికంతటికీ మూలం ఇదే: వారానికి ఒకటో రెండో కార్యక్రమాలు ఎంచుకొని, వాటికి ఒక వేళ పెట్టుకొని, ఆ వేళకు మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా, చేతికి ఏదో ఒక చిన్న పని ఇచ్చి వినాలి. చిక్కుడుకాయలు ఒలవడం, బట్టలు మడత పెట్టడం వంటి పనులు ఇందుకు సరిగ్గా సరిపోతాయి. ఫోన్ తెర చూడడం మాత్రం పనికిరాదు, ఎందుకంటే కన్ను ఒక కథలో ఉంటే చెవి ఇంకొక కథలోకి పోదు.

ఎక్కడ దొరుకుతాయి

అన్నిటికన్నా సులువైన దారి ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్. దేశంలోని ఆకాశవాణి కేంద్రాల ప్రసారాలు ఎన్నో అందులో ప్రత్యక్షంగా వస్తాయి కాబట్టి నల్లగొండలో కూర్చొని హైదరాబాద్‌ను, గద్వాలలో కూర్చొని విజయవాడను వినవచ్చు. 1957 అక్టోబర్ 3న మొదలైన వివిధ భారతి కూడా అందులోనే ఉంటుంది. పదిహేను నిమిషాల హిందీ నాటికలు వినిపించే హవామహల్ ఈ అలవాటులోకి అడుగుపెట్టడానికి చాలా మంచి ద్వారం. పాలమూరు, నల్లగొండ పట్టణాల్లో హిందీ, ఉర్దూ చెవికి అలవాటైనవే కాబట్టి భాష అడ్డం రాదు. పాత రికార్డింగుల కోసమైతే ప్రసార భారతి ఆర్కైవ్స్ వారి యూట్యూబ్ ఛానల్‌ను, విదేశీ కార్యక్రమాల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్‌ను వెతకాలి.

యాప్ ఉండగా రేడియో సెట్టు ఎందుకని అడిగేవారు ఒకసారి రాత్రి తొమ్మిది గంటలకు మీడియం వేవ్ తిప్పి చూడాలి. పగటిపూట ఆకాశంలోని ఒక పొర ఈ తరంగాలను పీల్చేస్తుంది. సూర్యుడు కుంకిన తరువాత ఆ పొర కరిగిపోతుంది, అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరకు తగిలి వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. అందుకే ఒకప్పుడు మన పల్లెల్లో పగలు హైదరాబాద్, రాత్రి ఎక్కడెక్కడి ఊళ్లో పలికేవి. ఎఫ్‌ఎం తరంగాల తీరు వేరు. అవి దాదాపు చూపు మేరలోనే సాగుతాయి కాబట్టి మా నల్లగొండలోని లతీఫ్ సాహెబ్ గుట్ట లాంటిది అడ్డొస్తే బలహీనపడిపోతాయి.

మీడియం వేవ్ మీద హైదరాబాద్ 'ఎ' కేంద్రానిది 738 కిలోహెర్ట్జ్, విజయవాడది 837 కిలోహెర్ట్జ్. పాత సెట్ల డయల్ మీద మీటర్లు రాసి ఉంటాయి కాబట్టి మూడు లక్షలను కిలోహెర్ట్జ్ అంకెతో భాగించుకుంటే సరిపోతుంది. ఆ లెక్కన హైదరాబాద్ 406 మీటర్లకు, విజయవాడ 358 మీటర్లకు దగ్గరలో తగులుతాయి. గరగర ఎక్కువగా ఉంటే ముందుగా గదిలోని ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు తీసివేసి చూడాలి. తరువాత సెట్టును ఉన్నచోటనే మెల్లగా గుండ్రంగా తిప్పాలి. మీడియం వేవ్‌ను పట్టే కడ్డీ సెట్టు లోపలే అడ్డంగా ఉంటుంది, అది స్టేషన్ దిక్కుకు అడ్డంగా నిలిచినప్పుడు శబ్దం నిండుగా వస్తుంది. పైకి లాగే ఏరియల్‌కు మీడియం వేవ్‌తో పని లేదు. దాన్ని పట్టుకొని ఇంటి చుట్టూ తిరిగిన మా తరం పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

నాటిక వినడం

మొదటి మూడు నిమిషాలు పోగొట్టుకోకూడదు. రంగస్థలం మీద మనిషి రాగానే కంటికి కనిపిస్తాడు. రేడియోలో మాత్రం ఎవరైనా పేరు పెట్టి పిలిస్తేనే ఆ మనిషి ఉన్నట్టు. అందుకని మంచి రేడియో రచయిత పాత్రల పేర్లను, వరుసలను, చోటును, వేళను మొదటి పది పన్నెండు సంభాషణల్లోనే పొదుగుతాడు. "ఇంత ఎండలో వచ్చావేంటి అల్లుడూ, లోపలికి రా" అన్న ఒక్క మాటలో మధ్యాహ్నమైందని, వచ్చినవాడు అల్లుడని, పలికినవారు అత్తమామల్లో ఒకరని, ఆ రాక అనుకోనిదని నాలుగు సంగతులున్నాయి. కొత్తగా వినేవారు ఒక కాగితం మీద పాత్రల పేర్లు రాసుకోవడంలో తప్పు లేదు. నాలుగైదు నాటికల తరువాత ఆ అవసరం దానంతట అదే పోతుంది.

రెండవది, గొంతుల దూరాన్ని గమనించాలి. మైకుకు దగ్గరగా, ఊపిరి వినిపించేటట్టు పలికిన మాట మనసులో అనుకుంటున్న మాట కావచ్చు. దూరం నుంచి పలుకుతూ దగ్గరకు వచ్చిన గొంతు గుమ్మం దాటి లోపలికి వస్తున్న మనిషిది. బావిలో నుంచో గుడిలో నుంచో వచ్చినట్టున్న గొంతును ప్రతిధ్వని పలికే గదిలో పలికించి ఉంటారు. ఒక నాటికను మొదటిసారి కథ కోసమే వినాలి. నచ్చితే వారం పదిరోజుల తరువాత రెండవసారి ఈ పనితనం కోసం వినాలి. గుర్రపు డెక్కల చప్పుడు కొబ్బరి చిప్పలతో, ఉరుము రేకును ఊపి, మంట చప్పుడు పలుచని కాగితాన్ని నలిపి తీస్తారని తెలిశాక కూడా, కథలో పడి వింటున్నప్పుడు అవి గుర్రాలుగా, ఉరుములుగా, మంటలుగానే వినిపించడం ఈ కళలోని విచిత్రం.

మూడవది మౌనం. సినిమాలో పాత్ర మాట్లాడకపోతే ముఖం చూస్తాము. రేడియోలో రెండు క్షణాల మౌనం వస్తే ఆ ముఖాన్ని మనమే గీసుకోవాలి. పాత నటులకు దీని విలువ బాగా తెలుసు. అందుకే విసుగనిపించి వేగం పెంచి వినే అలవాటు ఇక్కడ అసలు కూడదు. వేగం పెంచితే ముందుగా చచ్చేది ఆ మౌనమే.

తెలుగులో ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే 1948 డిసెంబర్ 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రపు నాటకాలతో అని చెబుతాను. చిలకమర్తి లక్ష్మీనరసింహం హాస్య నవల ఆధారంగా, నండూరి సుబ్బారావు ప్రధాన పాత్రలో వచ్చిన 'గణపతి'ని నవ్వకుండా వినగలిగినవారిని నేను చూడలేదు. నాటకం కాకపోయినా నాటకమంత పట్టుగా సాగే ఉషశ్రీ రామాయణ, భారత ప్రవచనాలను కూడా ఈ వరుసలోనే పెట్టుకోవాలి. ఒక్క గొంతు అన్ని పాత్రలను ఎట్లా మోస్తుందో అక్కడ తెలుస్తుంది. సినిమా కథను మాటలు, పాటలతో కుదించి వినిపించిన సంక్షిప్త శబ్ద చిత్రాలు దొరికితే, చూసిన సినిమావే ముందు వినడం మంచిది. చూడని సినిమా అయితే పోరాట ఘట్టం దగ్గర కుర్చీలు విరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ బోధపడదు.

విజయవాడ నాటకాల భాష కృష్ణా, గుంటూరు జిల్లాల నుడికారానికి దగ్గరగా ఉంటుంది. మా ఇంట్లో పెద్దవాళ్లకు కొన్ని మాటలు నేను విడమరచి చెప్పవలసి వచ్చింది. పాత నాటికల్లో మన వైపు యాస తరచుగా పనివాడికో, నవ్వించడానికి పెట్టిన పాత్రకో మాత్రమే దక్కేదన్న సంగతిని దాచుకోకుండా గమనించుకుంటూ వినాలి. అట్లాగని ఆ నాటికలను పక్కన పెట్టనక్కర లేదు గాని, వింటున్నప్పుడు మా అమ్మ ఒకచోట "గిట్ల ఎవరు మాట్లాడుతరు?" అని అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. హైదరాబాద్ కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు మాట్లాడుకునే తీరు మన చెవికి కొంత దగ్గరగా ఉండేది. పిల్లల కోసం వెతికేవారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల బాలానందం తునకలు దొరుకుతాయేమో చూడాలి.

సముద్రం అవతలి కార్యక్రమాలు

అమెరికాలో రేడియో నాటకం 1930ల నుంచి ఒక వెలుగు వెలిగి, 1962 సెప్టెంబర్ 30న 'సస్పెన్స్', 'యువర్స్ ట్రూలీ, జానీ డాలర్' అనే రెండు ధారావాహికలు ఒకే రోజున ముగియడంతో దాదాపు చల్లారిపోయింది. ఆ కార్యక్రమాలు వేల సంఖ్యలో ఇప్పటికీ వినడానికి దొరుకుతున్నాయంటే, ఆనాడు పదహారు అంగుళాల డిస్కుల మీద, ఆ తరువాత టేపుల మీద నకళ్లు తీసి ఉంచడమే కారణం. విదేశాల్లోని అమెరికా సైనికుల కోసం ప్రకటనలు తీసివేసి పంపిన నకళ్లు కూడా అందులో ఉన్నాయి. మన దగ్గర టేపులు తుడిచి మళ్లీ వాడుకున్న చోట ఎన్ని నాటికలు పోయి ఉంటాయోనని ఆ వరుసలను చూసినప్పుడల్లా కడుపు మండుతుంది.

ఇంగ్లీషు వింటే అర్థమవుతుందో లేదోనని వెనుకాడేవారు 'సస్పెన్స్'లో 1943లో మొదట వచ్చిన 'సారీ, రాంగ్ నంబర్'తో మొదలుపెట్టాలి. మంచాన పడ్డ ఒక స్త్రీకి టెలిఫోన్ లైన్లు కలిసిపోయి, ఎవరో ఎవరినో చంపడానికి వేసుకుంటున్న పథకం వినిపిస్తుంది. ఆమె గదిలో నుంచి కదలలేదు, మనమూ కదలలేము. ఉన్నదల్లా ఫోన్ కాబట్టి రేడియోకు ఇంతకన్నా తగిన కథ ఉండదు. దాని తరువాత నటుడు, దర్శకుడు ఆర్సన్ వెల్స్ 1938 అక్టోబర్ 30న అమెరికా రేడియో సంస్థ సీబీఎస్‌లో ప్రసారం చేసిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్'ను వినవచ్చు. అంగారకుల దాడిని వార్తా ప్రకటనల రూపంలో చెప్పిన ఆ నాటకం విని అమెరికా అంతా వీధుల్లోకి పరుగెత్తిందన్న కథను పత్రికలు బాగా పెంచి రాశాయని పరిశోధకులు తరువాత తేల్చారు. అయినా ఆ నాటకంలో పాటల కార్యక్రమాన్ని ఆపి వార్త చెప్పడం, మళ్లీ పాటకు పోవడం, మళ్లీ ఆపడం అన్న ఎత్తుగడ నేటికీ పాతబడలేదు.

హాస్యంలో అమెరికా నటుడు జాక్ బెన్నీ కార్యక్రమాలను నాలుగైదు వరుసగా విన్న తరువాతే తీర్పు చెప్పాలి, ఎందుకంటే ఆ నవ్వు ఒక్క రోజులో పుట్టేది కాదు. అతడు పరమ పిసినారి అని ఏళ్ల తరబడి శ్రోతలకు అలవాటు చేసి ఉంచారు. 1948లో ఒక కార్యక్రమంలో దొంగ అడ్డగించి డబ్బు కావాలా, ప్రాణం కావాలా అని అడుగుతాడు. జాక్ బెన్నీ పలకడు. ఆ మౌనానికే జనం నవ్వడం మొదలుపెడతారు. దొంగ గద్దించాక, ఆలోచిస్తున్నానని జవాబు వస్తుంది. పిసినారితనం ముందుగా తెలియనివారికి ఆ మౌనంలో ఏమీ వినపడదు. బీబీసీ 1951 నుంచి 1960 వరకు ప్రసారం చేసిన 'ది గూన్ షో' దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ మౌనం ఉండదు, ఊపిరాడనివ్వరు, చప్పుళ్లే పాత్రలవుతాయి. దాని ప్రధాన రచయిత స్పైక్ మిల్లిగన్ మన పక్కనే మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో పుట్టినవాడు. నాకు అది మూడవసారికి గాని ఎక్కలేదు. మీకు అసలు ఎక్కకపోతే బాధపడవలసిన పని లేదు.

పాటలు

పాటల కార్యక్రమాలను నాటికల్లాగా కదలకుండా కూర్చొని వినవలసిన అవసరం లేదు. అవి ఇంట్లో పనితో పాటు నడిచేవి. భక్తిరంజని తెల్లవారి వాకిలి ఊడ్చి చల్లి ముగ్గేసే వేళకు తగినట్టుగా ఉంటుంది, దాన్ని రాత్రి పెట్టి వింటే సగం అందం పోతుంది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు తీర్చిదిద్దిన లలిత సంగీతంలో సాహిత్యం స్పష్టంగా పలకడం ముఖ్యం కాబట్టి ఒక పాటను మూడు నాలుగు రోజులు అదేపనిగా వినాలి. 'ఈ పాట నేర్చుకుందాం' కార్యక్రమం రికార్డింగు ఏదైనా దొరికితే మాత్రం వినడంతో సరిపెట్టకుండా, గురువు ఒక చరణం పాడి ఆగినప్పుడు ఇంట్లోవాళ్లంతా కలిసి గొంతు కలపాలి. ఆ ఖాళీ వదిలింది మన కోసమే.

సినిమా పాటలకు వచ్చేసరికి, జనరంజనిలో పాటకన్నా ముందు చదివే కోరినవారి పేర్లు, ఊర్ల పేర్లు కూడా కార్యక్రమంలో భాగమే. వాటిని దాటవేయకూడదు. పోస్టుకార్డు మీద పేరు రాసి పంపి, అది రేడియోలో పలికితే వారం దాకా ఊరంతా చెప్పుకున్నవాళ్లు ప్రతి పల్లెలోనూ ఉండేవారు. బీహార్ విడిపోయాక జార్ఖండ్‌లో చేరిన ఝుమ్రీ తిలైయా అనే చిన్న ఊరి పేరు దేశమంతటికీ తెలిసింది ఇట్లాంటి కోరికల ఉత్తరాలతోనే. 1952లో రేడియో సిలోన్‌లో (సిలోన్ అంటే నేటి శ్రీలంక) మొదలైన బినాకా గీత్‌మాలాలో అమీన్ సయానీ పాటల మధ్య మాట్లాడే మాటలను పాటలంత శ్రద్ధగా వినాలి. ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు తగ్గిన రోజుల్లో శ్రోతలంతా షార్ట్ వేవ్ మీద సిలోన్‌కు పోయారని, వివిధ భారతి పుట్టుకకు అది కూడా ఒక కారణమని తెలిసి వింటే ఆ పలకరింపులోని హుషారు ఇంకొక విధంగా వినిపిస్తుంది.

పాత సెట్టు ఉంటే

అటక మీద తాతల నాటి వాల్వు సెట్టు దొరికితే వెంటనే ప్లగ్గులో పెట్టవద్దు. ఏళ్ల తరబడి వాడనందువల్ల లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా పూర్తి కరెంటు ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. తెలిసిన మెకానిక్‌తో, అరవై లేదా వంద వాట్ల పాతరకం బల్బును వరుసలో కలిపి పరీక్ష చేయించాలి. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే ఆశ ఉన్నట్టు, అట్లాగే పూర్తిగా వెలుగుతూ ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పడుతుంది కాబట్టి శబ్దం రాలేదని గుండీలు తిప్పి కంగారు పడకూడదు. తోలు కవరు ట్రాన్సిస్టరైతే సెల్లులు పెట్టే గదిని ముందు చూడాలి. కారిపోయిన సెల్లులు స్ప్రింగులను తినేసి ఉంటాయి. ఒకప్పుడు నీరసించిన సెల్లులను ఎండలో పెట్టి ఇంకొక నాటిక విన్న ఇళ్లు చాలా ఉన్నాయి. కాసేపు అవి నిజంగానే తేరుకునేవి గాని, ఇప్పుడు ఆ పొదుపు సెట్టు ప్రాణానికే ముప్పు.

ఫోన్‌లో వినేవారు రెండు చెవుల ఇయర్‌ఫోన్‌కన్నా ఒక చిన్న స్పీకర్‌ను నాలుగైదు అడుగుల దూరంలో పెట్టుకోవడం మేలు. ఆనాటి రికార్డింగులన్నీ దాదాపు ఒకే ఛానల్‌వి. అవి గదిలో ఒక మూల నుంచి రావడానికే తయారైనవి. బాస్ పెంచితే మాట మసకబారుతుంది. సన్నని సరసర శబ్దం తీసివేస్తామనే యాప్‌లు దానితో పాటు 'శ', 'స'లను కూడా కొంత తినేస్తాయి. ఆ శబ్దానికి చెవి రెండు నిమిషాల్లో అలవాటు పడుతుంది.

విన్నవాటికి ఒక నోట్‌బుక్ పెట్టుకోవాలి. తేదీ, కార్యక్రమం పేరు, కేంద్రం, ప్రకటించిన నటుల పేర్లు, నిడివి, ఎవరెవరు కలిసి విన్నారు అన్నవి రాస్తే చాలు. నటుల పేర్లు చివర ఒక్కసారే చదువుతారు కాబట్టి పెన్ను ముందే చేతిలో ఉండాలి. పెద్దవాళ్లు పక్కన ఉంటే వాళ్లు చెప్పేవి కూడా అందులోనే రాయాలి. మా పెన్‌డ్రైవ్‌లో ఒక నాటికకు చివరి భాగం లేదు, కూతురు సామాను సర్దుకొని గుమ్మం దగ్గరకు వచ్చి తండ్రిని పిలిచిన చోట టేపు తెగిపోయింది. అమ్మ ఆ నాటిక తనకు తెలుసునని, కూతురు వెళ్లిపోతుందని చెప్పింది. ఎదురింటి అక్క ఒప్పుకోలేదు. తండ్రి లేచి పెట్టె అందుకొని లోపల పెట్టాడని, ఆ పెట్టె కింద పెట్టిన చప్పుడు తనకింకా గుర్తున్నదని వాదించింది. చింతపండు పని అయిపోయే దాకా ఆ వాదన తెగలేదు. నోట్‌బుక్‌లో ఆ పేజీలో రెండు ముగింపులూ రాసి, కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలాను.